మెట్ల మీద రెండు జడలు

2వ తేదీ, సోమవారం

వచ్చింది.

పొద్దున కళ్ళజోళ్ళ షాపుకి పనికి వెళ్దామని మెట్లు దిగుతుంటే అన్నిటికంటే కింది మెట్టు మీద కూర్చుని ఉంది. రెండు జడలు, నీలం గౌను, వీపు నా వైపు. ఎవరో పిల్ల అనుకుని "కాస్త జరుగమ్మా" అన్నాను. జరగలేదు. "ఏయ్, నిన్నే" అన్నాను. తిరగలేదు. గోడకి అంటుకుని దాన్ని దాటి కిందికి దిగి, మొహం చూద్దామని వెనక్కి తిరిగాను. అటు నుంచి చూసినా వీపే.

మా మెట్ల మీదికి ఇంతవరకూ భూతం రాలేదు. పోస్టుమేన్ వెనకాల తిరిగే మొరగని కుక్కనీ, లెక్కల మాస్టారి వరండాలో నీళ్ళు లేకుండానే మునిగిపోతూ ఉండే మనిషినీ చూసి నవ్వుకున్న నోరే ఇది. ఇప్పుడు నా వంతు.

నాదే. ఇంకెవరిది? నేను పిలుస్తాను, ఎవరూ తిరిగి చూడరు. చిన్నప్పటి నుంచీ నా భయం ఇదొక్కటే. కాగితానికి నోరు లేదు కాబట్టి రాసుకోవచ్చు. బతికున్న మనుషుల్లో మాత్రం దీన్ని ఒక్కరికే చెప్పాను.

నా స్నేహితురాలు కత్తెరకి.

3వ తేదీ, మంగళవారం

బళ్ళో మొదటి తరగతి నుంచీ చిలకల్లా వల్లె వేయించిన మూడు వాక్యాలూ ఇక్కడ రాస్తున్నాను. చదివినప్పుడల్లా కోపం చల్లారకుండా ఉండాలని.

భయం ఒక్కరి దగ్గరే ఉంటే రోగం. ఇంకొకరికి చెప్పుకుంటే నెమ్మది. ఆ విన్నవాళ్ళు మూడోవాళ్ళకి చెబితే, దానికి ఒళ్ళొచ్చి గడప వెతుక్కుంటూ వస్తుంది.

గడప దాటిందా, ఇక జన్మలో పోదు. లెక్కల మాస్టారు అలాగే అయిపోయారు. దాటక ముందు పోవాలంటే ఒకటే దారి. బయటపెట్టినవాళ్ళే వచ్చి, దాని ముందు నిలబడి "చెప్పింది నేనే" అనాలి.

పదహారేళ్ళు నిండిన రోజున కత్తెర చెవి పట్టుకుని చెప్పాను. అందరూ చేసేట్టే, చెవి తమ్మెని రెండు వేళ్ళతో పట్టుకుని. అది కూడా అందరూ అనేట్టే "విన్నాను, మింగాను" అంది. ఆ రోజు నుంచి అది నా చెవి. రెండేళ్ళు మింగి, ఇప్పుడు ఎవరి దగ్గర కక్కిందో. జుట్టు కత్తిరించే షాపులో పని కదా, కుర్చీలో కూర్చున్నవాళ్ళతో పొద్దస్తమానం కబుర్లే.

అమ్మ నిన్న ఆ భూతాన్ని చూసి గుమ్మం పట్టుకుని అక్కడే కూలబడింది. ఇవాళంతా ముద్ద ముట్టలేదు. నాకోసం ఎంత కుమిలిపోతోందో పాపం.

4వ తేదీ, బుధవారం

ఐదో మెట్టు. రోజుకి రెండు చొప్పున ఎక్కుతోంది. ఎక్కుతుంటే ఎవరూ చూడలేదు. చూసినప్పుడల్లా కూర్చునే ఉంటుంది. మా గడపకి మొత్తం నలభై రెండు మెట్లు.

కత్తెర షాపుకి వెళ్ళి, అందరూ ఉండగానే అడిగేశాను. అది ఎవరిదో జుట్టుకి క్లిప్పులు పెడుతోంది.

"చెప్పానని ఒప్పుకో. వచ్చి ఒక్క మాట అనేసి పో. నీతో నాకింకేం పని లేదు."

"నేనెవరికీ చెప్పలేదే."

"మరి దానంతటదే వచ్చిందా?"

"నాకేం తెలుసు? నీ మీద ఒట్టు, చెప్పలేదు."

"నా మీద ఎందుకు? నీ మీద వేసుకో ఒట్టు."

నోట్లో క్లిప్పు పెట్టుకుని అలాగే చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు ఇంకా ఒళ్ళు మండింది. తప్పు చేసినవాళ్ళకి ఏడవడం కూడా బాగానే వస్తుంది.

నాన్న సాయంత్రం బస్సు డిపో నుంచి రాగానే "ఫిర్యాదు ఇచ్చెయ్. ఆ పిల్లని నమ్మొద్దని అప్పుడే అందామనుకున్నా" అన్నాడు. వార్డు ఆఫీసు ఫారం కూడా తనే తెచ్చాడు. నువ్వు సంతకం పెడితే చాలని తనే నింపి పెట్టాడు. డ్యూటీ చేసి అలిసిపోయి వచ్చి కూడా. నేను సంతకం పెట్టాను.

6వ తేదీ, శుక్రవారం

వార్డు ఆఫీసు బోర్డు మీద, విన్నది మింగలేని చిల్లుచెవుల జాబితా ఉంటుంది. ఇవాళ అందులో కింద నుంచి రెండోది కత్తెర పేరు. చదివాను. మళ్ళీ చదివాను. బాగానే ఉంది.

బాగానే ఉందని రాశానా? సరే, ఉంది.

7వ తేదీ, శనివారం

కత్తెరని పనిలోంచి తీసేశారు. చిల్లుచెవి పెట్టుకుంటే తమ కుర్చీలో ఎవరు కూర్చుంటారని షాపు మేడమ్ అందట. మా కళ్ళజోళ్ళ షాపు పెద్దాయన చెప్పాడు. నేను స్క్రూ బిగిస్తున్నాను. అది చేజారి కింద పడింది. ఆవగింజంత స్క్రూ, అరగంట నేల మీద పాకినా దొరకలేదు.

9వ తేదీ, సోమవారం

పదిహేనో మెట్టు.

వార్డు ఆఫీసు నుంచి కొలతలకి టేపు బాబాయ్ వచ్చాడు. ఆయన పేరు ఎవరికీ తెలీదు, ఎప్పుడూ మెడలో టేపుతోనే ఉంటాడు. దాని ఎత్తు, వెడల్పు, జడల పొడవు కొలిచి రాసుకున్నాడు.

"ఏవమ్మా, నువ్వు చిన్నప్పుడు రెండు జడలు వేసుకునేదానివి కదూ?"

"ఆఁ. అయితే?"

"నీ భయం ఎదుటివాళ్ళు తిరగరని ఫారంలో ఉంది. మరి వీపు ఎదుటివాళ్ళది ఉండాలి గానీ, నీదెందుకు ఉంటుంది?"

"భూతాలకి కూడా రూల్సేనా బాబాయ్?" అన్నాను. నవ్వాడు. అమ్మ లోపల గిన్నెలు తోముతూ ఒక గిన్నె జారవిడిచింది.

ఆయన వెళ్ళాక నేనూ పరకాయించి చూశాను. నిజమే, నేను జుట్టు కత్తిరించుకోకముందు జడల్లాంటివే. పాపిడి కూడా వంకర, ఎడమకి పోతుంది. అయినా భూతం నా భయంలోంచే పుట్టింది కదా, నా పోలికలు రాక పక్కింటివాళ్ళవి వస్తాయా?

10వ తేదీ, మంగళవారం

పదిహేడు.

11వ తేదీ, బుధవారం

పంతొమ్మిది. ఇవాళ దాన్ని పిలవలేదు. నిన్న పిలిచాను. మొన్న కూడా.

13వ తేదీ, శుక్రవారం

కత్తెర వచ్చింది.

టేపు బాబాయ్ కొలుస్తూ ఉన్నాడు. అది సరాసరి ఇరవై మూడో మెట్టు దాకా ఎక్కి, ఆ వీపు ముందు చేతులు కట్టుకుని నిలబడి, పైనున్న నాకు వినపడేట్టు "చెప్పింది నేనే" అంది.

జడ కొస కూడా కదల్లేదు.

ఇంకోసారి అంది. ఇంకా గట్టిగా. ఏమీ లేదు.

"అబద్ధానికి అది కదలదమ్మా. ఈ పిల్ల చెప్పలేదు" అన్నాడు బాబాయ్ టేపు చుట్టుకుంటూ. "ఫిర్యాదు వెనక్కి తీసుకో."

"మనసులోంచి అనలేదు, అందుకే కదల్లేదు" అన్నాను నేను.

కత్తెర నా వైపు చూసింది. అరవలేదు. "నీకోసం చెయ్యని తప్పు కూడా ఒప్పుకున్నాను. ఇంక నా దగ్గర ఏమీ లేదే" అని దిగి వెళ్ళిపోయింది.

మనసులోంచి అనలేదు. అంతే. అంతే అయి ఉంటుంది.

15వ తేదీ, ఆదివారం

ఇరవై ఏడు. నాన్నకి డిపో కంట్రోలరు పోస్టు దాదాపు ఖాయమట. ఇరవై రెండేళ్ళు స్టీరింగు పట్టుకున్నాక. ఇంట్లో అందరం సంతోషించాలి. నాన్న నవ్వాడు, అమ్మ నవ్వింది, నేనూ నవ్వాను. ముగ్గురం ఫొటో దిగుతున్నట్టు ఉన్నాం.

16వ తేదీ, సోమవారం

అమ్మ ఊరవతల పెద్దమ్మ ఇంటికి వెళ్ళింది, మూడు రోజులకి. ఇలాంటప్పుడు నన్ను వదిలి వెళ్ళడం ఏమిటని మనసు చివుక్కుమంది. ఇక్కడ ఊపిరాడటం లేదట.

షాపు నుంచి వచ్చేసరికి మెట్లు ఖాళీ. ఒకటి నుంచి నలభై రెండు దాకా వెతికాను. లేదు! పోయింది! కింది వాటా పిన్నిగారు చప్పట్లు కొట్టారు. నేను మెట్ల మీద గెంతాను. కత్తెర ఇంట్లో కూర్చుని మనసారా ఒప్పుకుని ఉంటుంది.

17వ తేదీ, మంగళవారం

ఖాళీ. హాయిగా నిద్రపోయాను.

18వ తేదీ, బుధవారం

సాయంత్రం అమ్మ వచ్చింది.

అదీ వచ్చింది. ఇరవై ఏడో మెట్టు మీద, వదిలేసిన చోటే.

19వ తేదీ, గురువారం

ఇరవై తొమ్మిది. షాపుకి ఒక మామ్మ వచ్చింది. గోడ మీద అక్షరాల చార్టు గడగడా చదివేసింది. అనుమానం వచ్చి చార్టు తిరగేశాను. అప్పుడూ అవే అక్షరాలు, అదే వరసలో చదివింది. పోయినసారి బట్టీ పట్టేసిందట, కళ్ళు పోయాయంటే కొడుకు కోప్పడతాడని. "కనపడనిది కనపడుతోందంటే నష్టం ఎవరికి మామ్మా?" అని బాగా దులిపేశాను.

ఇంటికొచ్చి ఈ డైరీ మొదటి నుంచీ చదివాను. ఎవరు వెళ్తే అది వెళ్ళింది, ఎవరు వస్తే అది వచ్చింది, నా చేత్తోనే రాసి ఉంది.

కాకతాళీయం. అమ్మది ఎలా అవుతుంది? అమ్మకి భయమేమిటి?

21వ తేదీ, శనివారం

ముప్ఫై మూడు.

తలనొప్పని చెప్పి మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కాను. దొంగలా ఎందుకు ఎక్కానో నాకే తెలీదు. తెలుసు.

అమ్మ ముప్ఫై నాలుగో మెట్టు మీద, దాని వెనకాల కూర్చుని ఉంది. చేతిలో దువ్వెన. జడ విప్పి ఎడం చేత్తో దువ్వుతోంది. అమ్మది ఎడమచేతి వాటం. బళ్ళో రోజూ నా పాపిడి వంకర అని ఏడిపించేవాళ్ళు.

"పిచ్చుకా" అంటోంది. "పిచ్చుకా, ఒక్కసారి ఇటు తిరగవే."

పిచ్చుక నేను.

నన్ను చూసి దువ్వెన వదిలేసింది. అది ఒక్కొక్క మెట్టూ తగులుకుంటూ నా కాళ్ళ దగ్గరికి వచ్చి ఆగింది.

"ఇది నీదా?" అన్నాను.

"లోపలికి రా, చెబుతాను."

"ఇక్కడే చెప్పు."

చెప్పింది. నేను జుట్టు కత్తిరించుకుని వచ్చిన రోజున అమ్మకి పట్టుకుందట ఈ భయం. జడ వేసే పని కూడా అయిపోయింది, ఇక ఏదో ఒకనాడు పిలిచినా తిరిగి చూడనంటానని. నాన్న చెవి పట్టుకుని చెప్పుకుంది. నాన్న విన్నాను, మింగాను అన్నాడు. పోయిన నెల డిపోలో విశ్రాంతి గదిలో కండక్టరుతో నవ్వులాటకి అనేశాడట, మా ఆవిడకి కన్నకూతురంటే దడ అని.

"నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే. ఆ జడలు నేను వేసినవి, నాకు తెలీదా?"

"మరి నాదని నేను ఏడుస్తుంటే?"

"ఏం చెయ్యమంటావే? బోర్డు మీద పేరు పడితే మీ నాన్నకి కంట్రోలరు కాదు కదా, బస్సు కూడా ఇవ్వరు."

"కత్తెర పేరు పడింది."

అమ్మ నా మొహం చూడకుండా, చాలా మెల్లగా అంది. "చిన్నపిల్ల. ఇంకో షాపు చూసుకుంటుంది. నీకూ ఇంకో స్నేహితురాలు దొరక్కపోదు."

ఆ మాట ఇక్కడ రాసి అరగంటయింది. ఇంకా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

22వ తేదీ, ఆదివారం

ఫారం నింపింది నాన్న. కత్తెర ఇంటిపేరు, చిరునామా, పనిచేసే చోటు, అన్నీ గుండ్రటి అక్షరాలతో. పెన్ను ఎక్కడా ఆగలేదు, కొట్టివేత లేదు. నేను పక్కనే కూర్చుని, మా నాన్న ఎంత మంచివాడో అనుకున్నాను.

చెవిలో పువ్వు పెట్టారంటారు. నాకు తోటే పెట్టారు.

23వ తేదీ, సోమవారం

ముప్ఫై ఏడు. నాన్నని అడిగాను. "నవ్వులకి అన్నానే, కావాలని అన్నానా?" అన్నాడు.

"ఫారం కూడా నవ్వులకే నింపావా?"

పేపరు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పేపరు నిన్నటిది.

24వ తేదీ, మంగళవారం

ముప్ఫై తొమ్మిది. అమ్మ గుమ్మం దగ్గర చాప వేసుకుని కూర్చుంటోంది. నేను అమ్మతో మాట్లాడటం లేదు. కానీ అది గడప దాటితే అమ్మ బతుకంతా ఆ వీపుని చూస్తూనే బతకాలి. లెక్కల మాస్టారు ఇప్పుడు కిటికీ కూడా తియ్యరు. నాన్నా, ఒక్క మాట అనెయ్. రెండు ముక్కలు. కడుపులో ఉన్నవే.

25వ తేదీ, బుధవారం

నలభై ఒకటి. రేపు లోపల.

నాన్న డ్యూటీకి బయల్దేరి, బూట్లు వేసుకుని, గుమ్మంలో ఆగాడు. అమ్మ చాప మీదే ఉంది. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే కోప్పడి వెళ్ళిపోయేవాడేమో. గోడ వైపు చూస్తూ "చెప్పింది నేనే" అన్నాడు, టికెట్టు లేనివాణ్ణి దిగమన్నట్టు.

అది లేచింది. ఇన్ని రోజుల్లో నిలబడటం అదే మొదలు. ఒక్కొక్క మెట్టే దిగుతూ, దిగినకొద్దీ పలచబడుతూ, రెండో అంతస్తు మలుపులో కనపడకుండా పోయింది. వెనక్కి చూడలేదు. అమ్మ అది పోయిన వైపే చూస్తూ వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఇక రేపు బోర్డు సంగతి చూడు నాన్నా" అన్నాను.

"పోయింది కదే. ఇంక బోర్డెందుకు? రెండు నెలలు పోతే వాళ్ళే తీసేస్తారు" అని, బూటు తాడు ఇంకోసారి బిగించుకుని వెళ్ళిపోయాడు.

26వ తేదీ, గురువారం

వార్డు ఆఫీసుకి వెళ్ళి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. పాత ఫారం తీసి చూపించారు, ఆ గుండ్రటి అక్షరాలు. ఇంకో గడి కూడా నింపాలన్నారు. ఆ పిల్ల కాకపోతే మరి ఎవరు?

పెన్ను పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. నాన్న నన్ను మొదటిసారి బస్సు ముందు సీటులో కూర్చోబెట్టుకుని, హారన్ నొక్కనిచ్చిన రోజు గుర్తొచ్చింది. అలాంటివి అప్పుడే గుర్తుకు రావాలా?

"తొందరేం లేదు తల్లీ. రాశాక మాత్రం కొట్టెయ్యడానికి ఉండదు" అన్నాడు టేపు బాబాయ్.

రాశాను. నా అక్షరాలు నాన్నవిలాగే గుండ్రంగా ఉంటాయని ఇన్నాళ్ళూ గమనించలేదు.

27వ తేదీ, శుక్రవారం

బోర్డు మీద కత్తెర పేరు లేదు. ఆ చోట నాన్న పేరు. ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. నాన్న డిపోకి వెళ్ళలేదు, వెళ్ళొద్దన్నారు.

సాయంత్రం కత్తెర వీధి చివర కనపడింది, ఏదో సంచి పట్టుకుని నడుస్తోంది. వెనకాల పరిగెత్తాను. పది అడుగుల దూరంలో ఆగి పిలిచాను. పేరుతో పిలిచాను, కత్తెరా అని కాదు.

నడుస్తూనే ఉంది.

ఇంకోసారి పిలిచాను. పక్కన పళ్ళు అమ్మే ఆయన తిరిగాడు, సైకిలు మీద పోయే ఆయన తిరిగాడు. అది తిరగలేదు. వినపడింది. భుజాలు బిగుసుకోవడం చూశాను. మలుపు దాకా వీపు చూపిస్తూనే వెళ్ళింది.

నా భయం నిజమైంది. దీనికి జడలు లేవు, మెట్లు లేవు, కొలవడానికి టేపు పనికిరాదు. ఎవరో వచ్చి "నేనే" అంటే పోయేదీ కాదు. అలా అనాల్సిన మనిషిని నేనే. అన్నాను కూడా, వీధి మధ్యలో నిలబడి గట్టిగా. తప్పు నాదే అని. అప్పటికి అది మలుపు తిరిగిపోయింది.

29వ తేదీ, ఆదివారం

ఇంట్లో గాలి ఆడటం లేదని బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. కూర్చున్నాక లెక్క పెట్టాను. నలభై ఒకటి. నా వీపు మా తలుపు వైపు.

ఇప్పుడే లోపల్నించి అమ్మ "పిచ్చుకా" అంది.

తిరగలేదు. పెన్ను ఆపకుండా రాస్తూనే ఉన్నాను. ఇంకో షాపు చూసుకుంటుంది, ఇంకో స్నేహితురాలు దొరక్కపోదు. అమ్మ అన్న ఆ మాట నేనింకా మింగలేదు.

మళ్ళీ పిలిచింది. ఈసారి గుమ్మం దాకా వచ్చింది, చాప చప్పుడైంది. నా వెనకే నిలబడి ఉంది. చేతిలో దువ్వెన ఉందో లేదో తెలీదు. పిలిచినప్పుడు అవతలివాళ్ళు తిరగకపోతే ఎక్కడ నొప్పి పుడుతుందో మొన్నటి నుంచీ నాకు తెలుసు. నా భుజాలు బిగుసుకోవడం అమ్మకి కనపడుతూనే ఉంటుంది.

మూడోసారి. చాలా చిన్నగా.

తిరగలేదు.

"ఊఁ" అన్నాను.